రెండో వరస చెరుకు

రోజూ ఆఫీసు తాళం తీయగానే బాలనర్సయ్య ముందు చెరుకు కుండీలకు నీళ్లు పోయడానికి పోయేవాడు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన భవనం అది. మెట్ల పక్కన రెండు వరసల కుండీలు. ఒక వరసకు ఉత్త నీళ్లు. రెండో వరసకు, పైరు ఎదగడానికి కంపెనీ అమ్మే సముద్రపు నాచు రసం కలిపిన నీళ్లు. రెండో వరసే ఏపుగా, ముదురు పచ్చగా ఎదిగింది.

అది చూస్తే అతనికి కడుపు మండేది. చూపడానికి ఒక మందు, రైతుకు అమ్మడానికి ఒక మందు అనుకునేవాడు.

జహీరాబాద్ దగ్గర అతని రెండెకరాల చెరుకు, పక్క చేనువాళ్ల స్ప్రే పంపు అడిగి తెచ్చి ఈ రసం కొట్టిన వారానికే మాడిపోయింది. వెనకే అప్పుల కింద భూమీ పోయింది. భార్య సత్తెమ్మతో మూసాపేటలో కిరాయి గదికి వచ్చిపడ్డాడు. డబ్బా మీది బొమ్మను బట్టి కంపెనీని వెతికి పట్టుకున్నాడు. అందులోనే వాచ్‌మన్‌గా చేరాడు. ఏ కంపెనీయో సత్తెమ్మకు కూడా చెప్పలేదు.

ఓనరు రామబ్రహ్మానికి ఇవేవీ తెలియవు.

"మీ చేతి చలవండీ, పెద్దాయనా. సోమవారం చక్కెర ఫ్యాక్టరీ వాళ్లొస్తున్నారు. ఈ కుండీలు చూసి సరేనంటే గట్టెక్కుతాను. లేదంటే తాళం వేసుకోవడమే."

"ఫికర్ జెయ్యకుండ్రి సార్. నేను జూసుకుంట."

చూసుకున్నాడు. ఆ వారమంతా నాచు రసంలో, కలుపును చంపే గడ్డి మందు కలిపి రెండో వరస ఆకుల మీద చల్లాడు.

సోమవారం వచ్చినవాళ్లు మెట్ల దగ్గరే ఆగిపోయారు. ఉత్త నీళ్ల చెరుకు పచ్చగా ఉంది. నాచు రసం చెరుకు ఎండి వేలాడుతోంది. ఒకాయన మాడిన ఆకు తుంచి రామబ్రహ్మం చేతిలో పెట్టాడు. పైకి రాకుండానే కారెక్కారు.

రామబ్రహ్మం మెట్ల మీద కూలబడ్డాడు. "ఏమైందండీ వీటికి?"

"సముద్రంల ఉప్పుంటది గద సార్," అన్నాడు బాలనర్సయ్య. "తాగనీకి మంచినీళ్లు తేవాల్నా?"

నెల తిరక్కుండా కంపెనీ బోర్డు దిగింది. ఆ సాయంత్రం, ఎన్నడూ లేనిది, బాలనర్సయ్య తనంత తానే మాట కలిపాడు. సత్తెమ్మ జొన్నరొట్టె చేస్తూ వింటోంది.

"మన చెరుకును సంపినోడు ఇయ్యాల తాళమేసుకొని పోయిండే. ఆ నాచు మందు కంపెనీ ఆయన. నా కడుపు సల్లగైంది."

"నువ్వేం జేసినవ్?"

"ఆని మందుల గడ్డి మందు కలిపిన. ఆకు అంచుల పొంటి పసుపెక్కి, ఎనక తెల్లగై మాడింది. అచ్చం మన చేన్ల మాడినట్లే."

సత్తెమ్మ చెయ్యి ఆగింది. పెనం మీద రొట్టె నల్లబడుతున్నా తిప్పలేదు.

"ఏమైందే?"

ఆమె తలెత్తలేదు.

"ఆ పొద్దు పక్క చేనోళ్లు గట్ల మీద గడ్డి మందు కొట్టి మనకిచ్చిన పంపు, కడగకుండనే కడిగిన్నని నీకు అబద్ధం చెప్పిన."