మూడద్దాల మూల

“రెండు చుట్లు తిప్పేస్తున్నా. చూసుకో తల్లీ,” అంటూ అద్దాల మేస్త్రీ అద్దాన్ని వంచే మర మీద వేలు వేశాడు.

డైరెక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నలుగురూ మెచ్చుకున్న దాని మీద ఆయన చచ్చినా సంతకం పెట్టడు. ఎవరో ఒకరు అడ్డం తిరగాలి, ఆ తగువు తను కళ్ళారా చూడాలి. ఆ పద్ధతి గురించి ఆయనకు కాస్త గర్వం కూడా. ఇవాళ సంతకం పడకపోతే ఈ డిజైను మళ్ళీ బీరువాలోకే.

బల్ల మీద ఒకే కాంతిపుంజం రెండుగా చీలి, చెరో దారినా అద్దం దాకా వెళ్ళి, తిరిగొచ్చి కలుస్తుంది. కలిసిన చోట, తెర మీద నల్లచారలు. పాత యంత్రంలో అద్దం వెంట్రుకవాసి వంగినా ఆ చారలు మాయం. వాటిని దారికి తేవడానికి మేస్త్రీ రోజూ పొద్దున్నే గంటసేపు నడుం వంచాల్సిందే. కొత్త ఇంజనీరమ్మ తెచ్చిన డిజైనులో ఒక్కో అద్దానికి బదులు మూడేసి అద్దాలు, గది మూలలా అతికించినవి.

మేస్త్రీ మర తిప్పాడు. చారలు చెక్కు చెదరలేదు.

“మూడెందుకమ్మా? రెండు చాలవూ?” అన్నాడు మేస్త్రీయే.

ఇంజనీరమ్మ తడబడింది. “అంటే... రెండైతే...”

“రెండైతే పక్కకి వంగిన కాంతినే దిద్దుతాయి. పైకీ కిందికీ వంగితే ఎవరు దిద్దుతారు, మీ తాతా?”

“అందుకేగా మూడు పెట్టింది,” అందామె గబుక్కున. “ఎటు వంగినా వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి.”

డైరెక్టరు మీసం చాటున నవ్వుకున్నాడు. ముసలాడు భలే ఇరికిస్తున్నాడు, పిల్ల భలే తప్పించుకుంటోంది.

మేస్త్రీ పిడికిలితో బల్లను గుద్దాడు. చారలు వణికి, మళ్ళీ కుదురుగా నిలబడ్డాయి.

“ఏమోనండీ, నాకు నచ్చలేదు.”

“ఈ లెక్కలు నీ బుర్రకెక్కుతాయటయ్యా? చదువుకున్న పిల్ల చెబుతోంది, విను.”

“మర తిప్పే పనే లేకపోతే నన్నెవరు పట్టించుకుంటారండీ?”

“అదా నీ ఏడుపు. నిన్నెక్కడికీ పంపనులే. ఇకనుంచి కూర్చుని చేసే పనే ఇస్తాను.”

డైరెక్టరు బరబరా సంతకం గీకి, ఫైలు ఇంజనీరమ్మ చేతిలో పెట్టాడు. మేస్త్రీ మొహం ముడుచుకుని బయటికి నడిచాడు. ఆమె ఆయన వెనకే వెళ్ళింది.

మెట్ల మలుపు తిరిగాక, “మీ డిజైను పాసైంది బాబాయ్,” అంది.