పదకొండో కిలోమీటరు

“మీ బ్యాటరీ మళ్ళీ పోయింది అల్లుడుగారూ. ఎక్కడ పోయిందో అడగండి.”

అడగనక్కర్లేదు. ఫోను చెవికి జానెడు దూరంలో పెట్టుకున్నా అత్తగారి గొంతు లాప్‌టాప్ రిపేరు దుకాణమంతా వినిపిస్తోంది. అల్లుడు చేతిలోని పని పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని అన్నాడు.

“చిన్నత్తయ్య ఇంటి ముందేనా?”

“ఆ మహాతల్లి గుమ్మం ముందే. తొమ్మిదేళ్ళ కిందట దాని మొహం చూడనని ఒట్టేసుకున్నదాన్ని. మీ పుణ్యమా అని వారంలో రెండోసారి చూస్తున్నాను. ఉంటాను, చార్జింగు పెట్టుకోమంటోంది.”

ఈ అక్కచెల్లెళ్ళ తగువు వాళ్ళమ్మగారి కుట్టుమిషను దగ్గర మొదలైంది. మిషను ఒకటి, కూతుళ్ళు ఇద్దరు. మిషను అక్కకొచ్చింది, కోపం చెల్లెలికొచ్చింది. అంతే, మాటలు తెగిపోయాయి. ఊళ్ళో అందరి చిరుగులూ కుట్టిపెట్టే అత్తగారు ఆ ఒక్క చిరుగు జోలికి మాత్రం పోలేదు.

ఆవిడ ఆసుపత్రి నర్సులకు యూనిఫారాలు కుడుతుంది. వారానికి రెండుసార్లు మూటతో పద్నాలుగు కిలోమీటర్లు వెళ్ళాలి. కరెంటు స్కూటరు పాత బ్యాటరీలు చచ్చిపోతే, కొత్తవి కొనడం దేనికి, పాత లాప్‌టాప్‌ల్లోంచి తీసిన సెల్లులతో నేనే కడతానని అల్లుడు మాటిచ్చాడు. ఇల్లాలు చేస్తే సెల్లు ఎత్తనివాడు ఈ బొటనవేలంత సెల్లుల్ని మాత్రం కంటికి రెప్పలా చూసుకున్నాడు. ఒక్కోదాన్నీ నింపి వారం పక్కన పెట్టాడు. డీలా పడినవాటినీ, ఒళ్ళు వేడెక్కినవాటినీ ఏరి పారేశాడు. మిగిలినవాటిని పదహారు వరసలుగా కట్టాడు. ముప్ఫై కిలోమీటర్లు ఖాయం అనుకున్నాడు. పదకొండుకే ఆగింది.

అసలు గుబులు వేరే ఉంది. లాప్‌టాప్‌లు బాగుచేయించుకునేవాళ్ళు తగ్గిపోయారు. దుకాణం నిలబడాలంటే పక్క వీధి కొరియర్ ఆఫీసులో ఉన్న పన్నెండు స్కూటర్ల పని రావాలి, లేకపోతే షట్టరు దించి ఇంకెవరి దగ్గరో చేరాలి. అక్కడి మేనేజరు పెట్టిన షరతు ఒక్కటే. అత్తగారి బండి ఒక నెల ఆగకుండా తిరగాలి. అల్లుడికి అంతకన్నా గట్టి పరీక్ష లేదని ఆయన స్వానుభవం. రెండుసార్లు ఆగిందని తెలిశాక, మూడోసారి తనే వచ్చి చూస్తానన్నాడు.

అల్లుడు తల పట్టుకున్నాడు. చిన్నత్త ఇల్లు ఎత్తు మీద ఉంది. ఎక్కేటప్పుడు బండి కరెంటు ఎక్కువ లాగుతుంది, ఒక్క బలహీనమైన సెల్లున్నా మొత్తం బ్యాటరీ ఆగిపోతుంది. అత్తకీ ఎత్తుకీ పెద్ద తేడా లేదు, రెండుచోట్లా రొప్పు తప్పదు. తానే నడిపి చూశాడు. దర్జాగా ఎక్కింది. మరి ఆవిడకెందుకు ఎక్కదు? బరువు తేడా ఉండొచ్చు. కానీ అత్తగారి బరువెంతని అడగడానికి ఎంత గుండె కావాలి? కళ్ళతోనే తూచి, రెండు ఇసుక బస్తాలు వేసుకుని వెళ్ళాడు. అప్పుడూ ఎక్కింది.

“పోనీ, కింది రోడ్డున వెళ్ళండి అత్తయ్యా. ఎత్తు ఉండదు.”

“ఆ గతుకుల్లోనా? నడుం విరిగితే దానికీ బ్యాటరీ కడతారా?”

వారం రోజులు దుకాణంలో వేరే పని ముట్టుకోలేదు. సెల్లులు నూట తొంభై రెండుకి పెంచాడు. సిమెంటు గచ్చు మీద, చుట్టూ ఏమీ లేకుండా, పక్కనే కుర్చీ వేసుకుని చార్జింగు పెట్టాడు. ప్రతి వరసా సమానంగా నిండిందో లేదో మీటరు పెట్టి చూశాడు. ఇసుక బస్తాలతో నలభై రెండు కిలోమీటర్లు తిరిగొచ్చి, మళ్ళీ నిండుగా నింపి అత్తగారికి అప్పగించాడు. ఈసారి ఆగితే తన పేరు మార్చుకుంటానన్నాడు. ఏం పేరు పెట్టుకుంటారని భార్య అమాయకంగా అడిగింది.

మర్నాడు పొద్దున్న పదింటికి ఫోను మోగింది. అత్తగారే.

గంట తర్వాత అల్లుడి మోటారుసైకిలు, వెనక మేనేజరుతో, చిన్నత్త ఇంటి ముందు ఆగింది. గేటు దగ్గర స్కూటరు నిలబడి ఉంది. కిటికీలోంచి ఒక పొడుగాటి వైరు వచ్చి దాని చార్జరుకు తగిలించి ఉంది. వరండాలో రెండు ఖాళీ కాఫీ గ్లాసులు. వీళ్ళని చూడగానే అత్తగారు గోడవైపు తిరిగింది, చెల్లెలు వీధివైపు తిరిగింది.

“బ్యాటరీ మార్చు బాబూ,” అంది చిన్నత్త కటువుగా. “వారానికి రెండుసార్లు ఈవిడ సంత నాకెందుకు?”

“నాకు మాత్రం సరదానా?” అంటూ అత్తగారు లేచి, స్కూటరు వైపునున్న వైరు పీకేసి, మూట సర్దుకుంది. “కాస్త నిండింది. ఇక పోతుందిలెండి.” బండి ఈల వేసినట్టు ఎత్తెక్కి మలుపు తిరిగిపోయింది.

అల్లుడు బండి వెళ్ళినవైపే చూస్తూ నిలబడ్డాడు. మేనేజరు మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

“మీ కష్టం చూశానండీ. కానీ మా కుర్రాళ్ళు నడివీధిలో ఆగిపోతే నా ఉద్యోగం పోతుంది. ఏమీ అనుకోకండి.”

అల్లుడు తలూపాడు. చిన్నత్త ఖాళీ గ్లాసులు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. కనీసం వైరైనా చుట్టిపెడదామని అతను గేటు దగ్గర వంగాడు. చూడలేక మేనేజరు కూడా సాయానికి కదిలాడు. లోపల ప్లగ్గు తీస్తానని, కిటికీ దాకా వెళ్ళి గదిలోకి తొంగిచూశాడు.

వైరు రెండో కొస, చుట్టి కట్టిన దారం కూడా విప్పకుండా, గదిలో నేల మీద పడి ఉంది.