బొట్టు పెట్టిన రోబో

ఆ రేవులో పడవలకంటే ముందు రోబోలే వేటకెళ్లి, చేపల జాడ చూసి వచ్చేవి. కొన్నాళ్లుగా వాటికీ ఏమీ దొరకడం లేదు. పైగా ఒడ్డున విరిగే అలలు దాటడమే పెద్ద గండం. ఈ ఏడాది బడిపిల్లలు చేసిన రెండు రోబోలను అలలు ఇసుకకేసి బాదాయి. అందుకే ఆ పిల్లల్లో సాగరిక జట్టు మూడోదాన్ని గాలి ఒత్తిడితో అలల అవతలికి విసిరే గొట్టం తయారుచేసింది. ఇదీ పోతే ఈ ఏడాదికి ఇంకోటి లేదు.

కొత్త పడవకు చేసినట్టే సాగరిక తల్లి నూకాలు రోబోకు పసుపు రాసి, ముఖాన ఇంత బొట్టు పెట్టింది. సాగరిక మీట నొక్కింది. గొట్టం బుస్సుమంది. రోబో అలల మీదుగా ఎగిరి అవతలి నీళ్లలో పడింది. రేవంతా ఈలలే.

తీరా రోబో కెమెరా బొమ్మ చూపే తెర చూస్తే అంతా ఎరుపు.

"అమ్మా! నువ్వు బొట్టెట్టింది దాని కంటికే!"

నూకాలు ఏడుపందుకుంది. "ఓలమ్మో, నా చేత్తో నేనే గుడ్డిదాన్ని చేసినానే!"

ఉప్పునీళ్లు మెల్లగా కుంకుమను కడిగాయి. ఎరుపు పలచబడింది. సముద్రం మింగేసిన పాత వీధి కనిపించింది. నూకాలు కాపురానికొచ్చిన ఇంటి గుమ్మంలోంచి చేపల గుంపులు లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి.

నూకాలు ఏడుపు మరిచి నవ్వేసింది. "సూడే, మన వీధిలో మళ్లీ కాపురాలెట్టినారు!"