నాయిన చేతికి కోడ్

“ఇదేం రాత?” ధరణి డాక్టరు చీటీని టీపాయ్ మీద పెట్టింది. “‘పడ్డాడు, చెయ్యి విరిగింది’ అంట. ఏ చెయ్యి? ఏ ఎముక? ఎట్ల పడ్డడు? ఒక్కటి లేదు.”

“చెయ్యి కనవడ్తనే ఉన్నది గద బిడ్డా,” అన్నాడు బుచ్చిరాములు, కుడిచేతి కట్టు ఎత్తి చూపిస్తూ.

“నాకు కనవడితే సరిపోదు నాయినా. రాసి ఉండాలె.”

ఆసుపత్రుల రికార్డులు చదివి ప్రతి గాయానికీ ఒక కోడ్ వేయడం ధరణి ఉద్యోగం. ఆ పనిలో ఊహకు చోటు లేదు. కుడివైపా ఎడమవైపా, ఎముక పక్కకు జరిగిందా లేదా, ఎక్కడ పడ్డారు, ఏం చేస్తుండగా పడ్డారు, అన్నీ కాగితం మీద ఉండాలి. లేకపోతే రికార్డు డాక్టరుకు తిరిగి వెళ్తుంది. తండ్రి పడ్డాడని ఫోన్ రాగానే ఆమె ఆఫీసు నుంచి తార్నాకలోని ఇంటికి వచ్చింది. ముందు ఏడ్చింది. తర్వాత పెన్ను తీసింది.

“రేపు డాక్టర్‌తోని సరిగ్గ రాపిస్త. చెప్పు, ఎక్కడ పడ్డవ్?”

“యూనివర్సిటీల. ఆర్ట్స్ కాలేజీ రోడ్డు మీద. వాకింగ్ చేస్తుంటె కాలు జారింది.”

“మరి కింద స్కూటీ అద్దం ఎట్ల పగిలింది?”

బుచ్చిరాములు భార్య వైపు చూశాడు. బాలలక్ష్మి గిన్నెలో పెరుగన్నం కలుపుకుని వంటింట్లోంచి వస్తోంది. కొంచెం కుంటుతోంది.

“నీకేమైందమ్మా?”

“మోకాలు నొప్పే. కొత్తనా నాకు?” ఆమె భర్త పక్కన కూర్చుని చెంచా అందుకుంది. “చెప్పు, బిడ్డ అడుగుతున్నది గద.”

“బండి మీదికెళ్లి పడ్డ,” అన్నాడు బుచ్చిరాములు. “కుక్క అడ్డమొచ్చింది.”

“ముప్పై ఏండ్లు ఆర్టీసీ బస్సు నడిపిండు,” అంది బాలలక్ష్మి. “ఒక్క యాక్సిడెంట్ లేదని డిపోల శాలువ గప్పిన్రు. ఇయ్యాల కుక్కను జూసి పడ్డడు.”

అతను ఏదో అనబోయాడు. ఆమె అతని నోట్లో చెంచా పెట్టింది.

“కుక్కకేం కాలేదు గద?” అంది ధరణి.

“అది మంచిగనే పోయింది.”

ధరణి ఎక్స్‌రే రిపోర్టు చూసి రాసుకుంది. కుడి చెయ్యి. మణికట్టు దగ్గర ముంజేతి ఎముక. పక్కకు జరగలేదు. చర్మం తెగలేదు. పెన్ను ఆపి తండ్రి వేళ్లు పట్టుకుని చూసింది.

“తిమ్మిర్లు ఉన్నయా?”

“లేవు బిడ్డా.”

“ఇంకొక్కటి. బండి నడిపినోళ్లకు ఒక కోడ్, ఎనుక కూసున్నోళ్లకు ఇంకో కోడ్. నువ్వు ముందటనా, ఎనుకనా?”

బాలలక్ష్మి చేతిలో చెంచా ఆగింది.

“ముందటనే,” అన్నాడు బుచ్చిరాములు. “ఇంకెవరు నడుపుతరు?”

ధరణి రాసింది. లేచి, గోడకున్న స్కూటీ తాళంచెవి తీసి బ్యాగులో వేసుకుంది.

“లాలాపేట్ల మా దోస్తు బండి కావాలంటున్నది. రేపు ఇచ్చేస్త.”

“వద్దు బిడ్డా. ఉండనియ్.”

“మళ్ల నడుపుతవా?”

“నేను నడప. ఒట్టు. బండి మాత్రం ఉండనియ్.”

“నడపనోనికి బండెందుకు?”

అతను భార్య చేతిలోని గిన్నె వైపు చూశాడు.

“రోజు ఎందరివో ఎముకలు చదువుత నాయినా,” అంది ధరణి. “నీయి చదువుడు నాతోని కాదు.”

బుచ్చిరాములు ఎడమచెయ్యి ఆమె తల మీద పెట్టాడు. “సరే. తీస్కపో.”

బాలలక్ష్మి గిన్నె కింద పెట్టింది.

“రేపే ఎట్ల ఇస్తవే? ఎల్లుండి నాకు లైసెన్సు టెస్టున్నది!”