బండి మెత్తబడింది

కారు వెనక సీట్లు మడిచి, పరుపు పరిచి, దాని మీద బియ్యం బస్తాలు పడుకోబెట్టాడు ఉదయ్.

దవాఖాన నుంచి పడుకోబెట్టి తేవాల్సిన అమ్మ బరువుకి అటూ ఇటూగా సరిపోతాయి. మిర్యాలగూడలో రైస్ మిల్లున్న ఇంటి పిల్లాడు. ఏ బరువునైనా బస్తాల్లోనే ఊహిస్తాడు.

కోదాడ షెడ్డులో మెకానిక్ రాజు కారు కిందికి దూరి స్ప్రింగుల రింగులు తిప్పుతున్నాడు.

"గట్టిగా బిగించమని పట్టుబట్టింది మీరే కదండీ! పోయిన నెలేగా?" అన్నాడు కింద నుంచే.

"ఇప్పుడు మెత్తగ కావాలె. ఎంత మెత్తగైతే అంత. ఎత్తు గూడ పెంచు."

"మలుపుల్లో ఊగుద్దండీ. ఆ స్పీడు ఉండదు."

"పోనీ."

రాజు తల బయటపెట్టి చూశాడు. ఈ మనిషి నోట ఆ మాట వస్తుందని కలలో కూడా అనుకొని ఉండడు.

ఆ కారంటే ఉదయ్‌కి అంత ప్రాణం మరి. వెనక అంబులెన్సులా పొడుగ్గా ఉంటుంది, తొక్కితే రేసు కారులా ఉరుకుతుంది. హైదరాబాదులో సెకండ్ హ్యాండులో కొని తెచ్చిన రోజు నాన్న వెంకటనారాయణ దాని చుట్టూ తిరిగి చూశాడు.

"దీంట్ల వడ్లు తేవాల్నా, పందెం కొట్టాల్నా?"

కొడుకు దాని ఎత్తు తగ్గించి, స్ప్రింగులు రాయిలా బిగించి తెచ్చాక మాత్రం ఆయన ఎగతాళి మానేశాడు.

"ఎవరి నడుమన్న ఇరిగిందంటే ఈ బండి ఇంట్ల ఉండది. యాదుంచుకో."

విరిగింది అమ్మ నడుమే.

ఆ రోజు పెద్దవూరలో చుట్టాలింట భోజనం చేసి తల్లీ కొడుకూ తిరిగొస్తున్నారు. వెనక సీట్లో స్వరాజ్యలక్ష్మి. మిల్లు గేటు ముందు స్పీడ్ బ్రేకర్ ఉంది. లారీలు దూసుకురాకుండా వెంకటనారాయణే దగ్గరుండి ఎత్తుగా పోయించాడు.

తెలియనిదేం కాదు. ఎప్పుడూ దాన్ని పక్కవాటుగా, నత్తనడకన దాటేవాడు ఉదయ్. ఆ రోజెందుకో కొత్త బిగింపు సత్తా చూద్దామనిపించింది.

"అమ్మా" అని వెనక నుంచి ఒక్క కేక.

"దెబ్బ తాకిందా?"

"ఏం కాలే. పోనీ."

తెల్లారి మంచం మీంచి లేవలేకపోయింది. ఉరికొచ్చిన భర్తతో, కొడుకు నోరు విప్పేలోపే చెప్పేసింది.

"పొద్దుగాల బాత్రూంల జారిన."

కొడుకు బండిని కాపాడటానికి ఆడిన అబద్ధం అది. ఉదయ్ దాని చాటున దాక్కున్నాడు. రోజూ దవాఖానకి పండ్లు మోశాడు, మందులు మోశాడు. ఆ ఒక్క మాట మాత్రం నాన్న దగ్గర నోటి దాకా వచ్చి ఆగిపోయేది.

కోదాడలో బస్తాలు రాజు దగ్గరే దింపేసి, సూర్యాపేట దవాఖానలో అమ్మని ఎక్కించుకున్నాడు. నర్సులు పట్టుకొని పరుపు మీద పడుకోబెట్టారు.

రోడ్డు మీద గుంతలు వస్తున్నాయి, పోతున్నాయి. కారు ఊయలలా ఊగింది తప్ప ఎక్కడా కుదపలేదు.

"ఇంత మెత్తగున్నదేంది బిడ్డా? నిద్రొస్తున్నది" అంది స్వరాజ్యలక్ష్మి.

ఉదయ్ వేగం ఇంకాస్త తగ్గించాడు. ఈ పని పోయిన నెలే చేసుంటే ఏం పోయేది?

"పాపం, ఇంటి పనంతా కాటమ్మ ఒక్కదాని మీదనే పడ్డట్టున్నది."

"కాటమ్మ వస్తలేదమ్మా. ఆమె బదులు పనికి లత వస్తున్నది."

"ఏమైందట?"

"నాన్న మాన్పించిండు. బాత్రూంల తడి వదిలిందని."

ఉదయ్ పాకే వయసు నుంచి ఆ ఇంటి నేల తుడిచిన మనిషి కాటమ్మ.

"నేనంటే ఆ గడియకు నోటికొచ్చింది చెప్పిన" అంది స్వరాజ్యలక్ష్మి. "ఇంట్లనే ఉంటివి గద. నువ్వెందుకు సప్పుడు చెయ్యలే?"

ఉదయ్ రోడ్డు వంకే చూస్తూ నడిపాడు.

"ఇంటికి కాదు. కాటమ్మ గల్లీలకు పోనీ."

అడుగు భాగం నేలకి గీసుకుంటుందని ఎన్నడూ ఈ కారుని ఆ గల్లీలోకి తీసుకుపోలేదు. ఇవాళ ఎక్కడా తగలకుండా లోపలికి పోయింది.

చప్పుడు విని కాటమ్మ బయటికొచ్చింది. కిటికీలోంచి పరుపు మీదున్న మనిషిని చూసి రెండు చేతులూ జోడించింది.

"తప్పయిందమ్మా. తడి నేనే వదిలిన."

"కాటమ్మా..."

"ముందుగాల లేదనే అన్న. మల్ల రోజూ యాది చేసుకుంటే యాదికొచ్చింది. నల్లా కింద నీళ్లుండె. ఇప్పుడు ఎవరింట్ల తుడిచినా కొంగుతోని మల్లోసారి తుడుస్తున్న. నీ పాపం నాకు ఊకెనే పోతదా అమ్మా?"

లేని తడిని ఆ మనిషి తన కళ్లతో చూసినట్టే చెబుతోంది.

స్వరాజ్యలక్ష్మి పరుపు మీంచే తల తిప్పింది. అద్దంలోంచి కొడుకునే చూస్తోంది.

"బాత్రూంల తడి లేదు కాటమ్మా" అన్నాడు ఉదయ్.

కాటమ్మ కళ్లు తుడుచుకుంది. తనని ఊరడించడానికే అంటున్నాడనుకుంది.

"నీకెట్ల ఎరుక బాబూ? అప్పుడు నువ్వు నిద్రల ఉంటివి గద."

ఉదయ్ ఇంజన్ ఆపి, కారు దిగాడు.