కొవ్వొత్తి పట్టుకున్నవాడు

అక్కయ్యా, మా అబ్బాయి తాగుడు మానేశాడు! ఏడాదిగా చుక్క ముట్టలేదట! దేవుడు నా మొర విన్నాడు.

నిన్న క్రిస్మస్ కృతజ్ఞత కూడికలో వాడే లేచి సాక్ష్యం చెప్పాడు. మా చర్చిలో ఎవరికి కృతజ్ఞత చెబుతారో వాళ్లు ముందుకొచ్చి, పక్కనే కొవ్వొత్తి పట్టుకుని నిలబడాలి. ఇంకెవరు, నేనే కదా అని కోటు సర్దుకుని లేచాను.

"బాబాయ్, రా" అన్నాడు వాడు.

మన తమ్ముడే! నా కొడుకుని నలుగురిలో తాగుబోతు అన్నందుకు నేను గడప తొక్కనివ్వని తమ్ముడు. అబ్బాయి ఏడాదంతా తమ్ముడి రొట్టెల కొట్టు పైగదిలోనే ఉన్నాడట, పిండి పిసుకుతూ. నాకేమో ఓడరేవులో ఉద్యోగమని చెప్పారు.

లేచినవాణ్ని లేచినట్టే కూలబడ్డాను.

"నీకు తెలుసా?" అన్నాను మా ఆవిడతో.

"తెలుసు. మీకు చెబితే ఆ రోజే చొక్కా పట్టుకుని లాక్కొచ్చేవారు. వారం వారం ఆహా ఓహో అంటూ తిన్నారే, ఆ రొట్టె ఎవరు చేశారనుకున్నారు? వాడి ఒంటిమీది స్వెటరు మీ అక్కయ్య అల్లిందే."

నువ్వు కూడానా అక్కయ్యా!

సంతోషమే, కాదనను. కానీ ఇంతమంది చేరి నన్నొక్కణ్నే వెర్రివాణ్ని చేశారు గదా! స్తోత్రం అందామంటే గొంతు పెగల్లేదు.

ఇక దాచనక్కర్లేదని, నాకు తెలిసిపోయిందని అందరికీ నువ్వే చెప్పు: బావకు, చిన్నమ్మకు, మేనత్తకు, మా అల్లుడికి. తమ్ముడికి మాత్రం నువ్వేం చెప్పకు. గొంతు పెగిలిన రోజున నేనే వెళ్లి చెప్పుకుంటాను.