నాలుగో రికార్డింగు

ఇబ్రహీంపట్నం శివారులోని గోపయ్య కోళ్ల షెడ్డులో రాత్రంతా పాటలు మోగాల్సిందే. నిశ్శబ్దంలో చిన్న చప్పుడైనా చాలు, కోళ్లు బెదిరి ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చస్తాయి. ఆ రాత్రి కాపలా కూతురు యశోదది. పియానో అంటే ఆమెకు పిచ్చి. ఒకే బాణీని నలుగురు విద్వాంసులు వాయించిన రికార్డింగులు ఒక్కొక్కటే పెట్టి, తనకు ఏది ఇష్టమో తేల్చుకుంటోంది.

మొదటిది మరీ తొందర. రెండోది పొడిపొడిగా ఉంది. మూడోది పర్వాలేదు.

నాలుగోది మొదలవగానే షెడ్డంతా సద్దుమణిగింది. వేల కోళ్లు తలలెత్తాయి. స్పీకరు ఇటు ఉంటే, అవన్నీ అటు చివర మూసి ఉన్న తలుపును చూస్తున్నాయి.

"ఏం పెట్టినవ్ బిడ్డా? మస్తు నిమ్మలమైనయ్," బయట మంచం మీంచి అన్నాడు గోపయ్య.

"గిదే బాపు. నాకు నచ్చింది గిదే," అంది యశోద.

రికార్డింగు ఆగిపోయింది. ఒక్క కోడీ బెదరలేదు. తలుపు దగ్గరివి రెండు పక్కలకూ జరిగి మెడలు వంచాయి. తరువాత వాటి ఇవతలివి. ఆ తరువాత ఇంకాస్త ఇవతలివి. షెడ్డు నడుమ తెరుచుకుంటున్న ఖాళీ దారి మెల్లగా ఆమె దాకా వచ్చింది.

పారిపోవాలని యశోదకు తోచనే లేదు. చెప్పులు విడిచి, తల వంచి, పక్కకు జరిగింది.